బరువంతా లెన్సుదే



కెమెరా మోయడం మీద కూడా ఒక ప్రసంగమా అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. జేబులో ఫోనుంటే చాలనుకునే రోజులివి. ఫోనుతో సరిపెట్టుకునేవాళ్లు ఈ కాసేపూ హాయిగా వేరే పని చూసుకోవచ్చు, నాకేమీ పట్టింపు లేదు. ఈ మాటలు పొడవాటి టెలిఫోటో లెన్సు కొన్నవాళ్ల కోసం, కొనాలని తహతహలాడుతున్నవాళ్ల కోసం, వాళ్ల పక్కన నడుస్తూ ‘కాస్త ఇది పట్టుకో’ అనిపించుకునే భార్యల కోసం, భర్తల కోసం.

ముందు ఒక చిన్న పని చేద్దాం. రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి మీ చేతులనే వాడుకుంటాను. ఇంట్లో రెండు లీటర్ల నీళ్ల సీసా ఉంటే తీసుకోండి, నిండుగా ఉండాలి. కారు నడుపుతున్నవాళ్లు ఊహించుకుంటే చాలు. సీసాను ఎడమ చేత్తో పట్టుకుని చెయ్యి బారుగా ముందుకు చాపండి. నేను చెప్పేదాకా దించకండి.

ఆ సీసా రెండు కిలోలు దాటి ఉంటుంది. సోనీ వాళ్ల 200-600 లెన్సు 2,115 గ్రాములు, అదీ కింద తగిలించే ఫుట్ తీసేశాక. నికాన్ 200-500 అయితే 2,300. సిగ్మా 150-600లో స్పోర్ట్స్ రకం 2,860. వీటి వెనకాల కెమెరా ఒకటి ఉండనే ఉంటుంది. మన పక్షి ప్రేమికులకు బాగా అలవాటైన నికాన్ డి850నీ, ఆ 200-500నీ కలిపి తూస్తే మూడు కిలోల మూడు వందలు. ఈపాటికి మీ భుజం లాగుతూ ఉండాలి. ఇప్పుడు మోచెయ్యి మడిచి సీసాను రొమ్ముకు ఆనించుకోండి. అదే సీసా, అవే నీళ్లు. ప్రాణం కుదుటపడింది కదా.

తక్కెడ చూపే బరువు ఒకటి, భుజానికి తెలిసే బరువు ఇంకొకటి. ఒంటికి ఎంత దూరంగా పట్టుకుంటే రెండోది అంత పెరుగుతుంది. లెన్సులు తయారుచేసేవాళ్లకూ ఇది తెలుసు. కానన్ 1999లో తెచ్చిన 600 ఎఫ్/4 లెన్సు 5,360 గ్రాములుండేది. 2018లో వచ్చిన మూడో తరం 3,050కి దిగింది. అంతటితో ఆగక, లోపలి అద్దాలను వెనక్కి, కెమెరా వైపు జరిపారు. దాంతో ముందుకు వాలే గుణం తగ్గింది. ధర మాత్రం తగ్గలేదు. దాని సంగతి ఇంట్లో వాళ్లు వినే సమయంలో మాట్లాడకపోవడమే మంచిది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంత లెన్సు తగిలించాక మన చేతిలో ఉన్నది కెమెరా అనుకోకూడదు. అది లెన్సే, దాని తోకకు కెమెరా వేలాడుతోంది. ఈ ఒక్కటీ మనసుకు పడితే ఎలా పట్టుకోవాలో, పట్టీ ఎక్కడ కట్టాలో, సంచీలో ఎలా పెట్టాలో దానంతటదే తెలుస్తుంది.

కొత్తగా కొన్నవాళ్లు ఏం చేస్తారంటే, కెమెరాతో పాటు పెట్టెలో వచ్చిన పట్టీని కెమెరా చెవులకు కట్టి మెడలో వేసుకుంటారు. లెన్సు ముందుకు వాలి పొట్ట మీద వేలాడుతుంది. అప్పుడు రెండు కిలోల లోహం, గాజు అంతా కెమెరాకూ లెన్సుకూ మధ్య ఉన్న ఉంగరం మీద, అంటే మౌంట్ మీద, పడుతుంది. ఆ మౌంట్‌ను పట్టి ఉంచేవి కొన్ని చిన్న మరలు. అడుగు వేసినప్పుడల్లా కుదుపు. అలా కొన్నాళ్లు తిరిగితే మౌంట్ వదులు కావచ్చు, లెన్సు కాస్త పక్కకు ఒరగవచ్చు. అప్పుడు ఫొటోలో ఒక మూల స్పష్టంగా, ఇంకో మూల మసకగా వస్తుంది. బరువైన లెన్సు ఉన్నప్పుడు లెన్సునే పట్టుకోండని కెమెరాతో వచ్చే పుస్తకంలో కూడా ఉంటుంది. ఆ పుస్తకం ఎవరు చదివారు?

లెన్సు కింద కాలర్ అని ఒక పట్టా, దానికి ఫుట్ అని ఒక లోహపు కాలు ఉంటాయి. చాలామంది దాన్ని ట్రైపాడ్ మీద బిగించడానికే అనుకుంటారు. నా మటుకు నాకు అది ముందుగా పిడి, తరవాతే ట్రైపాడ్‌కు కాలు. నడిచేటప్పుడు కాలర్ తిప్పి ఫుట్ పైకి వచ్చేలా చేసుకుంటే లెన్సు చేతిలో సూట్‌కేసులా కుదురుగా ఉంటుంది. అయితే కాలర్ మర గట్టిగా బిగించి ఉందో లేదో చూసుకుని మరీ ఎత్తండి. ఫుట్ తీసేస్తే వంద, రెండు వందల గ్రాములు కలిసొస్తాయని తీసి అలమరాలో పెట్టేవాళ్లున్నారు. చేత్తో మాత్రమే ఫొటోలు తీసేవాళ్లకు ఆ లెక్క సరే. మోయడానికి మాత్రం అదే ఆధారం.

మెడ గురించి కూడా ఒక మాట. మన తలే దాదాపు ఐదు కిలోలుంటుంది. ఆ తలను మోయడానికి పుట్టిన మెడకు ఇంకో మూడు కిలోలు ముందువైపు వేలాడదీస్తే అది ముందుకు వంగుతుంది, భుజాలు పైకి లేస్తాయి. సాయంత్రానికి తలనొప్పి. ఎండ తగిలిందనుకుని మజ్జిగ తాగి పడుకుంటారు. మెడ పట్టీ మూడు వందల గ్రాముల లెన్సుకు చాలు. పెద్ద లెన్సుకు పట్టీ భుజం మీదుగా ఏటవాలుగా, జంధ్యం వేసుకున్నట్టు వెయ్యాలి, దాని కొక్కెం లెన్సు ఫుట్‌కు తగలాలి. అప్పుడు లెన్సు తుంటి పక్కన, మూతి కిందికీ వెనక్కీ చూస్తూ ఉంటుంది. బరువు ఒంటికి ఆనుకుని ఉంటుంది. ఇంకా ఎక్కువ దూరం నడిచేవాళ్లు రెండు భుజాలకూ పంచే హార్నెస్ వేసుకుంటే మేలు.

హార్నెస్ అనగానే గల్ఫ్‌లో మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడ ఎత్తైన భవనాల మీద పనిచేసినవాళ్లకు ఈ విద్య నాకన్నా ఎక్కువ తెలుసు. పైన పనిచేసే మనిషికే కాదు, అతని చేతిలోని స్పానరుకు కూడా తాడు ఉండాలంటాడు సైట్ మీద సేఫ్టీ ఆఫీసరు. జారితే కింద ఉన్నవాడి తల పగులుతుందని. నేను లెన్సు విషయంలో చెప్పేదీ అదే రెండో తాడు గురించి. భుజం పట్టీల కొక్కేలు చాలావాటిలో పావు అంగుళం మరతో ఫుట్‌కు బిగుస్తాయి. నడక కుదుపుకు, పట్టీ తిరుగుడుకు ఆ మర నెమ్మదిగా వదులవుతుంది. ఊడే ముందు చప్పుడు చెయ్యదు. అందుకని ఫుట్ నుంచి కాకుండా కెమెరా చెవి నుంచి పట్టీకి ఇంకో చిన్న తాడు కట్టుకోండి. మామూలుగా అది వదులుగా ఉంటుంది, ఏ బరువూ మోయదు. మొదటిది తెగిన రోజున దాని పని. కారు దిగినప్పుడల్లా ఆ మరను వేళ్లతో ఒకసారి తిప్పి చూడండి. కొక్కేనికి బదులు దారపు లింకులు వాడేవాళ్లు దారం అరుగుదల చూడండి. కొన్నింటిలో పై పొర అరిగితే లోపల వేరే రంగు కనబడుతుంది. ఆ రంగు కనబడ్డ రోజే దాన్ని పారెయ్యాలి, ఈ ఒక్క ట్రిప్పూ కానిద్దాం అనకూడదు.

నడిచేటప్పుడు ఇంకొన్ని ఇబ్బందులు. కానన్ 100-500, నికాన్ 200-500, సిగ్మా, టామ్రాన్ల 150-600 లాంటి జూమ్‌లు బయటికి సాగేవి. మూతి కిందికి వేలాడదీస్తే బరువుకు తమంతట తామే జారి పొడుగవుతాయి. మోకాలికి తగులుతూ ఉంటే అప్పుడు తెలుస్తుంది. వాటి మీద లాక్ మీట ఉంటుంది, లేదా బిగువు మార్చే ఉంగరం ఉంటుంది. నడక మొదలుపెట్టే ముందు అది వెయ్యడం అలవాటు చేసుకోవాలి. సోనీ 200-600, నికాన్ కొత్త 180-600 లోపలే జూమ్ అవుతాయి, వాటికి ఈ బాధ లేదు. హుడ్ మాత్రం ఏ లెన్సుకైనా తగిలించే ఉంచండి. రాయికో కారు తలుపుకో తగిలితే ముందు పగిలేది అదే, పగలవలసిందీ అదే. వంగి బూటు తాడు కట్టుకునేటప్పుడు లెన్సును చేత్తో ఒడిసిపట్టుకోవాలి, లేకపోతే అది ఊగి ముందుకొచ్చి నేలను గుద్దుకుంటుంది.

ట్రైపాడ్ మీద లెన్సు బిగించి, కాళ్లు ముడవకుండానే భుజాన వేసుకుని నడిచే ఆచారం ఒకటుంది. ఫొటోగ్రాఫర్ల బొమ్మల్లో గొప్పగా కనబడుతుంది. నాకు అది నచ్చదు. మన ప్రాణమంతా వీపు వెనక, మన కంటికి కనబడని చోట, ఒక బిగింపు మర మీద ఆధారపడి ఊగుతూ ఉంటుంది. పక్కకు తిరిగితే వెనక వస్తున్నవాడి ముఖానికి తగులుతుంది. పక్షులను చూసే చెక్క గదుల గుమ్మాలు పొట్టిగా ఉంటే ఇంకా ప్రమాదం. తప్పనిసరైతే కాళ్లు దగ్గరికి చేర్చి, ట్రైపాడ్‌ను ముందువైపు చేతుల్లోకి ఎత్తుకుని, లెన్సు మన గడ్డం దగ్గర కనబడేలా నడవండి. ఫుట్‌ను ట్రైపాడ్ తలకు బిగించే ప్లేటు రెండు చివరలా జారకుండా ఆపే చిన్న మరలు ఉంటాయి. అవి అడ్డమని తీసేసేవాళ్లను చూశాను. దయచేసి తీయకండి.

ఎంత మోత, ఎలా మోత అన్నది వెళ్లే చోటును బట్టి కూడా ఉంటుంది. దుబాయ్ క్రీక్ చివర రాస్ అల్ ఖోర్ ఉంది. 2007లో ఈ దేశంలో, అంటే యూఏఈలో, మొట్టమొదట రామ్సార్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలలకు ఇచ్చే గుర్తింపు, పొందిన చోటు. బురదలో గులాబీ రంగు ఫ్లెమింగోలు, వాటి వెనక దూరంగా 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా. అక్కడ కారు నుంచి పక్షులను చూసే గది దాకా నడక కొంచెమే. దానికి హార్నెస్సూ, నడుం బెల్టూ అంటూ యుద్ధానికి వెళ్లినట్టు వెళ్లనక్కరలేదు. ఫుట్ పట్టుకుని చేత్తో తీసుకుపోవచ్చు. మోనోపాడ్ ఒకటి ఉంటే అంతసేపూ లెన్సును గాల్లో ఎత్తి పట్టుకునే శ్రమ తప్పుతుంది.

అబుధాబికి నలభై కిలోమీటర్ల దూరంలోని అల్ వత్బా అలా కాదు. షేక్ జాయెద్ 1998లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన చోటు. రెండు నడకదారులున్నాయి, చిన్నది కిలోమీటరున్నర, పెద్దది మూడు కిలోమీటర్లు. దారిలో నీడ తక్కువ. వెళ్లే ముందు ఏయే రోజుల్లో తెరిచి ఉంటుందో చూసుకోండి. మూడు కిలోమీటర్ల దారికి వీపు సంచీయే సరైనది. కెమెరాకు లెన్సు తగిలించి ఉండగానే పట్టే పొడవైన సంచీ. అందులో కూడా లెన్సు మూతి కిందికి, కెమెరా పైకి ఉండాలి. తీసేటప్పుడు చెయ్యి ముందు లెన్సు ఫుట్ మీద పడాలి. సంచీకి నడుం బెల్టు ఉండాలి, దాన్ని పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోబెట్టి బిగించాలి. బరువు అక్కడి నుంచి కాళ్లలోకి దిగుతుంది. భుజం పట్టీలు సంచీ వెనక్కి వాలకుండా చూడటానికే. నడుం బెల్టు కట్టకుండా వేలాడదీసుకుని ‘ఈ సంచీ బాగాలేదు’ అనేవాళ్లకు సమాధానం చెప్పడం కష్టం.

అల్ కుద్రా చెరువుల దగ్గర అయితే కారే మన కూలి. దుబాయ్ ఎడారిలో తవ్విన ఈ నీళ్ల చుట్టూ అల్ మర్మూమ్ రక్షిత ప్రాంతం. ఒరిక్స్‌లు, జింకలు తిరుగుతుంటాయి. మనిషి దిగితే పారిపోయే జంతువు కారును చూసి అంతగా బెదరదు. కారు పక్కకు ఆపి, ఇంజను ఆపి, కిటికీ అద్దం పూర్తిగా దించి, తలుపు మీద బీన్‌బ్యాగ్ వేసి దాని మీద లెన్సు పెట్టుకుంటే ట్రైపాడ్ అక్కరలేదు, భుజమూ నొప్పెట్టదు. గట్టి గుడ్డతో కుట్టించిన సంచీ అయితే చాలు, లోపల ఏ గింజలైనా పోసుకోవచ్చు. నేను బియ్యం పోస్తాను. ఇసుక ఎడారిలో ఉచితంగా దొరుకుతుంది కదా అని పోసేవాళ్లున్నారు. కుట్టు ఎక్కడ వదులైనా ఆ ఇసుక జూమ్ ఉంగరంలోకి చేరుతుంది. తరవాత తిప్పినప్పుడల్లా కరకరమంటుంది. బియ్యం ఒలికితే పావురాలు తింటాయి. ఒక్కటే జాగ్రత్త, లెన్సు కిటికీ బయట ఉండగా కారు కదిలించకూడదు. లెన్సు లోపలికి, సీటు మీదికి కాదు, కింద కాళ్ల దగ్గరికి. బ్రేకు వేస్తే సీటు మీది లెన్సు డాష్‌బోర్డుకు కొట్టుకుంటుంది.

ఎండ. దీన్ని గురించి ఇక్కడ ఉంటున్నవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే, ఎంత చెప్పినా ఎక్కువే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట పని చేయించకూడదని ప్రభుత్వమే నిషేధం పెట్టింది. జీతం తీసుకునేవాళ్లనే నీడలో కూర్చోమన్న వేళ, సరదా కోసం మూడు కిలోలు భుజాన వేసుకుని తిరగడం ఏ తెలివి? పొద్దు పొడవక ముందు గంట, పొడిచాక గంట, అంతే. పెద్ద లెన్సులు కొన్ని తెల్లరంగులో ఉంటాయి, గమనించే ఉంటారు. ఎండను తిప్పికొట్టడానికి. నల్ల లెన్సైతే చేతికి చుర్రుమంటుంది. చెమట చేతికి లోహం జారుతుంది కూడా. ఫుట్‌కు సైకిల్ హ్యాండిల్‌కు చుట్టే టేపు చుట్టుకుంటే పట్టు దొరుకుతుంది, వేడీ తగలదు. కారు పార్కింగులో లెన్సు వదిలి మాల్‌లోకి వెళ్లకండి. మూసిన కారులో పెరిగే వేడికి బ్యాటరీలు పాడవుతాయి, లెన్సు లోపలి జిడ్డు పలచబడి ఎక్కడికో పాకుతుంది.

చల్లటి ఏసీ గదిలోంచి ఆగస్టు నెల ఉక్కలోకి లెన్సును ఒక్కసారిగా తెస్తే గాజు మీద, లోహం మీద నీరు పడుతుంది. ఫొటో రాకపోవడం అటుంచి, తడిసిన లెన్సు చేతిలోంచి జారడానికి సిద్ధంగా ఉంటుంది. సంచీ జిప్పు తీయకుండా అరగంట ఉంచండి. లేదా గమ్యం దగ్గరపడ్డాక కారు ఏసీ కట్టేసి అద్దాలు దించండి. పిల్లలు గోల పెడతారు, పెట్టనివ్వండి.

కల్బా సంగతి వేరు. షార్జా ఎమిరేట్‌లో, ఒమన్ సరిహద్దున ఉన్న ఈ మడ అడవిలో ఒక లకుముకి పిట్ట ఉంది. ఇక్కడా, పక్కన ఒమన్ తీరంలో కొద్దిమేరా తప్ప ఇంకెక్కడా కనబడని ఉపజాతి. దాని కోసం కయాక్ ఎక్కాలని చాలామందికి ఉంటుంది. పడవలో కొందరు మెడ పట్టీతోనే కూర్చుంటారు. పడవ బోల్తా పడితే మెడలో మూడు కిలోల గుండు ఉన్న మనిషి ఈదడం ఎలా ఉంటుందో ఆలోచించండి. నీటి మీద లెన్సు ఒంటికి కట్టి ఉండకూడదు. నీరు చొరని సంచీలో వేసి, మూతి మూడు మడతలు చుట్టి, ఆ సంచీని పడవకు కట్టాలి. కాస్త గాలి లోపల ఉంచి మూస్తే అది తేలుతుంది కూడా. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఒక్కటే ఉండాలి.

ఇప్పుడు లెన్సు పొడవు గురించి. ఈ దేశంలో బరువు ఒంటికి ప్రమాదమైతే పొడవు కేసుకు ప్రమాదం. 2021 నాటి ఫెడరల్ డిక్రీ చట్టం 34, సైబర్ నేరాల చట్టం, 44వ అధికరణం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీసి వాళ్ల ఏకాంతానికి భంగం కలిగిస్తే ఆరు నెలలకు తగ్గని జైలు, లక్షా యాభై వేల నుంచి ఐదు లక్షల దిర్హముల దాకా జరిమానా, లేదా ఈ రెంటిలో ఒకటి పడవచ్చు. మనం తీస్తున్నది సముద్రపు కొంగనే కావచ్చు. దాని వెనక బీచ్‌లో ఒక కుటుంబం ఉంటే, వాళ్లకు కనబడేది తమ వైపు గురిపెట్టిన ఆరు వందల మిల్లీమీటర్ల గొట్టం. అందుకే జనం ఉన్న చోటు దాటేటప్పుడు లెన్సు మూత పెట్టి, మూతి నేలకు దించి, వీలైతే సంచీలో వేసి నడవండి. ఎవరైనా అడిగితే తీసిన ఫొటోలు నవ్వుతూ చూపించండి. సైనిక స్థావరాలు, రాజభవనాలు, విమానాశ్రయాల పరిసరాల్లో సంచీ జిప్పే తీయకండి. గద్ద ఎంత అందంగా కూర్చున్నా సరే.

సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు మోత మరో రకం. ఎకానమీ తరగతిలో చాలా విమానాలు చేతి సంచీకి 7 కిలోలే ఇస్తాయి. లెన్సు, కెమెరా మూడు కిలోలు దాటాయి, మంచి వీపు సంచీ ఖాళీగానే రెండు కిలోలుంటుంది, చార్జర్లు, ఇంకో చిన్న లెన్సు, లెక్క అక్కడే తేలిపోయింది. కెమెరా సంచీలు అందంగా, గట్టిగా, బరువుగా ఉంటాయి. ప్రయాణానికి మామూలు తేలిక సంచీలో మెత్తటి అరలు పెట్టుకోవడమే నయం. లెన్సును మాత్రం ఎంత మెత్తగా చుట్టినా చెక్-ఇన్ లగేజీలో వెయ్యకండి. ట్రైపాడ్, దాని తల, చార్జర్లు అందులోకి పోవచ్చు. విడి లిథియం బ్యాటరీలు చేతి సంచీలోనే ఉండాలి, కొసలకు మూతలు పెట్టి. హైదరాబాదు నుంచి ఇక్కడికి చూడటానికి వచ్చే బంధువులు ఖరీదైన లెన్సు తెస్తుంటే, బయల్దేరేటప్పుడే అక్కడి కస్టమ్స్‌లో సీరియల్ నంబర్లు రాయించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోమనండి. తిరిగి వెళ్లేటప్పుడు ఇక్కడ కొన్నారేమో అనే ప్రశ్న రాదు.

సంక్రాంతికి వెళ్లేవాళ్లు వీలైతే నేలపట్టు, పులికాట్ సరస్సు వైపు ఒకసారి వెళ్లండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, రెండు వైపులా ఫ్లెమింగోలు. అంతరిక్ష కేంద్రం చెక్‌పోస్ట్ దగ్గరపడే ముందే లెన్సు సంచీలోకి వెళ్లిపోవాలి. రాస్ అల్ ఖోర్‌లో చూసిన పక్షినే అక్కడ కారు కిటికీలోంచి, బీన్‌బ్యాగ్ మీద లెన్సు ఆనించి తీయవచ్చు. ఆ సంచీని ఇక్కడి నుంచి ఖాళీగానే తీసుకెళ్లండి, రెండు కిలోలు లగేజీలో మిగులుతాయి. బియ్యం సూళ్లూరుపేటలో దొరుకుతాయి.